వెబ్‌సైటు గుమ్మంలో మేళం

అమలాపురం గడియార స్తంభానికి నాలుగడుగుల దూరంలో నాగసతీష్ నడుపుతున్న ఇంటర్నెట్ సెంటర్లో, రెండువేల రెండో సంవత్సరం శ్రావణ శుక్రవారం నాడు, విశ్రాంత లాకు సూపరింటెండెంటు శ్రీరామచంద్రమూర్తిగారి వెబ్‌సైటుకు గృహప్రవేశం జరిగింది. పాలు పొంగించడానికి కీబోర్డు పక్కనే స్టవ్వు పెట్టాలని మూర్తిగారు పట్టుబట్టారు. కరెంటు సామాన్ల మధ్య పాలు పొంగితే పూచీ తనది కాదని నాగసతీష్ అనడంతో, పాలు మెట్ల మీద పొంగించి, గిన్నె లోపలికి తెచ్చి మానిటరుకు చూపించారు. మానిటరు అభ్యంతరం చెప్పలేదు.

మూర్తిగారిని ఎరగనివారి కోసం రెండు మాటలు. ఆయన ముప్ఫై ఏళ్ళు కాలవ మీద లాకు చూశారు. ఎగువ నీళ్ళకీ దిగువ నీళ్ళకీ ఎత్తు తేడా ఉన్నచోట, వచ్చిన పడవని రెండు గేట్ల మధ్య నిలబెట్టి, నీళ్ళు సమం చేసి, అవతలి గేటు తెరిచి సాగనంపడం లాకు పని. మలుపు తిరుగుతూనే పడవలోంచి బూరా ఊదాలి. గట్టు మీంచి మూర్తిగారు తన బూరాతో బదులివ్వాలి. ఊదకుండా వచ్చిన పడవని, అది ఎంత పెద్ద ఆఫీసరుగారిదైనా సరే, వెనక్కి పంపి మళ్ళీ మర్యాదగా రమ్మనేవారు. నీళ్ళు సమమయ్యేలోగా పడవలో ఉన్నవాళ్ళందరికీ క్వార్టర్స్‌లోంచి చల్లటి మజ్జిగ వచ్చేది. ఆ మజ్జిగ చిలికింది ఆయన భార్య ఉమాదేవిగారు కాబట్టి ఆ సంగతి రికార్డులకి ఎక్కలేదు.

తర్వాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. ఆఖరి పడవ తొంభై ఒకటిలో దాటింది. ఆ మీదట ఏడేళ్ళు మూర్తిగారు రోజూ పొద్దున్నే బూరా తుడిచి, గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుని, సాయంత్రం రిజిస్టరులో "రాకపోకలు లేవు" అని రాసి సంతకం చేశారు. ఒక్కరోజు నాగా పెట్టలేదు. అంతటి కార్యదీక్షకు మెచ్చి డిపార్టుమెంటువారు శాలువా కప్పి ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక గాని ఆయనకి తెలియలేదు, వీధిలో మనుషులు బూరా ఊదకుండానే వెళ్ళిపోతారని. కొందరు తల కూడా తిప్పరు. నవ్వకండి, ఆ బాధ నిజమైనదే. ముప్ఫై ఏళ్ళపాటు వచ్చినవాడల్లా తనకి చెప్పి వచ్చాడు, తనకి చెప్పి వెళ్ళాడు. ఇప్పుడు అరుగు మీద కూర్చున్న ఆయనకి తానసలు ఉన్నాడో లేడో అనే అనుమానం పట్టుకుంది.

అలాంటి రోజుల్లో కువైట్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినవాడు చిన్నబ్బాయి అనే ఒకతను, గల్ఫ్ కోనసీమ మిత్రసంఘం కార్యదర్శి. సంఘం వార్షికోత్సవానికి ఈసారి మన వైపు నుంచి ఒక ముఖ్య అతిథిని పిలిపించి, విమానం టిక్కెట్టూ శాలువా ఇచ్చి, "మర్యాద శిఖామణి" అనే బిరుదుతో సత్కరిస్తారట. "చిన్నప్పుడు మా నాన్న పడవ మీద మీ లాకులో ఆగేవాణ్ణండి. అందుకని మీ పేరే చెప్పేను. కాని మా కమిటీవాళ్ళు వెబ్‌సైటున్న మనిషినే మనిషి కింద లెక్కేస్తున్నారండి. ఒకటి పెట్టించండి. దసరాలకి సెలవు మీద వచ్చి, స్వయంగా మిమ్మల్ని చూసి ఖాయం చేస్తాను." ఉత్తరం నాలుగుసార్లు చదువుకుని, మూర్తిగారు గొడుగు పట్టుకుని నాగసతీష్ దగ్గరికి బయల్దేరారు.

నాగసతీష్ మంచి పనివాడు. వారం తిరక్కుండా తొలి పేజీ సిద్ధం చేశాడు. మధ్యలో మూర్తిగారి ఫొటో, అటూ ఇటూ లాకు గేట్ల బొమ్మలు, కింద ఎంతమంది వచ్చారో తనంతట తానే చెప్పే అంకె. మూర్తిగారు కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఆఖరికి పెదవి విరిచారు.

"ఇదేంటయ్యా, చావింటికొచ్చినట్టు ఇంత నిశ్శబ్దంగా ఉంది? మనిషి గుమ్మంలోకొస్తే తెలియద్దూ?"

"మ్యూజిక్ పెట్టొచ్చండి బాబాయిగారూ. ఇప్పుడందరూ పెడుతున్నారు. చెవికి హాయిగా చిన్న ముక్కొకటి తగిలిస్తానండి."

"చిన్న ముక్కేంటి? ఇంటికొచ్చినవాడికి అర విస్తరి వేస్తావా?"

ఏ సంగీతం పెట్టాలన్నది ఒక మనిషి తేల్చదగ్గ విషయం కాదని గుర్తించి, తొమ్మిదిమంది పెద్దలతో వెబ్ స్వాగత సంగీత నిర్ణయ సంఘం ఏర్పాటు చేశారు. విశ్రాంత హెడ్మాస్టరు పెద్దిరాజుగారు అధ్యక్షత వహించారు. ఆయన అప్పటికి కంప్యూటరును చూసి ఉండలేదు, అందువల్ల నిష్పక్షపాతంగా ఉండగలరని అందరూ ఒప్పుకున్నారు. తొలి సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం కొందరికి ఇప్పటికీ కంఠతా వచ్చు.

"సభకు నమస్కారం. వెబ్‌సైటనగా ఇల్లు. ఇంటికి గుమ్మం. గుమ్మానికి మేళం. మేళం లేకుండా గుమ్మంలో అడుగుపెట్టేవాణ్ణి అతిథి అంటామా, దొంగ అంటామా? ప్రపంచంలో లక్షల వెబ్‌సైట్లున్నాయట. వాటిలోకి ఎవరొచ్చేరో, ఎప్పుడు పోయేరో, కాఫీ తాగేరో లేదో అడిగే దిక్కు లేదట. ఇదా నాగరికత? అమెరికావాడు కంప్యూటరు కనిపెట్టేడు గాని, దానికి మర్యాద నేర్పడం మర్చిపోయేడు. ఆ లోటు ఈ అరుగు మీంచి మనం తీరుద్దాం!"

అరుగు మీద చప్పట్లు మోగాయి. తర్వాత అసలు పని మొదలైంది. సన్నాయి ఉండి తీరాలన్నారు కొందరు. దేవసహాయం బ్యాండు లేకుండా ఈ చుట్టుపక్కల ఏ శుభకార్యం జరిగిందో చెప్పమన్నారు ఇంకొందరు. గరగల డప్పు లేకపోతే అమ్మవారికి కోపం వస్తుందని ఒకాయన, భజన తాళాలు లేకపోతే అయ్యవారికి కోపం వస్తుందని ఇంకొకాయన. లాకు బూరా తప్పనిసరి అని మూర్తిగారు. ఐదూ పెట్టడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఏది ముందన్న దగ్గరే చిక్కొచ్చింది. ఊరేగింపులో ఎవరి మేళం ముందు నడవాలన్న విషయం మీద మనవైపు తలకాయలు పగిలిన చరిత్ర ఉంది కాబట్టి, వెబ్‌సైటులో రెండోది కావడానికి ఏ వాద్యమూ ఒప్పుకోలేదు. ఆరు సమావేశాలు దీనికే సరిపోయాయి. ఏడో సమావేశంలో దేవసహాయం క్లారినెట్టు సంచీలో పెట్టుకుంటూ, తగువు తీరిపోయే మాట ఒకటి అన్నాడు.

"అయ్యగారండి, అమ్మవారి తీర్థంలో అందరం ఒక్కసారే వాయించుకుంటాం కదండి. ఎవరన్నా కాదన్నారా?"

నిజమే, ఎవరూ కాదనలేదు. ఐదు వాద్యాలూ ఏకకాలంలో మోగాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. దేవసహాయం సామాన్ల షెడ్డులో టేపురికార్డరు పెట్టి, ఎవరిది వారు విడివిడిగా, పక్కవారిది వినకుండా వాయించారు. ఐదింటినీ నాగసతీష్ ఒకే పేజీకి తగిలించాడు. మీట నొక్కగానే సన్నాయి కల్యాణిలో, క్లారినెట్టు పెళ్ళి ఊరేగింపులో, డప్పు జాతరలో, తాళాలు ఏకాహంలో, బూరా కాలవ మలుపులో ఉన్నట్టు, అన్నీ కలిసి మోగాయి. సెంటరు అద్దాలు అదిరాయి. "అచ్చం స్వామివారి వాహనం మెయిన్ రోడ్డు మలుపు తిరిగినట్టుంది" అన్నారు పెద్దిరాజుగారు చేతులు జోడించి. సన్నాయాయన తన సన్నాయి బాగా వినబడిందన్నాడు. డప్పాయన తన డప్పు బాగా వినబడిందన్నాడు. పక్కవాడిది అంత స్పష్టంగా రాలేదని ఐదుగురూ జాలిపడ్డారు.

నాగసతీష్ చేతులు నలుపుకున్నాడు. "అంతా బాగుందండి. కాని కింద ఆపుకునే బొత్తం ఒకటి పెడతానండి. ఆఫీసుల్లో తెరిచేవాళ్ళకి ఇబ్బందవుద్ది."

"ఆపుకోడమా?" మూర్తిగారు లేచి నిలబడ్డారు. "మంగళవాద్యాన్ని మధ్యలో ఆపమంటావా? నీ పెళ్ళిలో ఆపేరా?"

"నాకింకా కాలేదండి."

"ఇలా ఆపుకుంటూ కూర్చుంటే అవదు కూడాను."

బొత్తం ప్రతిపాదన వీగిపోయింది. పైగా, నీళ్ళు సమం కాకుండా లాకు గేటు తెరవడం సర్వీసులో ఎన్నడూ చెయ్యలేదు కనుక, మేళం పదకొండు నిమిషాలూ పూర్తయ్యాక మాత్రమే లాకు గేట్ల బొమ్మ తెరుచుకుని అతిథి లోపలి పేజీలోకి వెళ్ళేలా ఏర్పాటు చేయించారు. లోపలి పేజీలో ఏం రాయాలన్నది తీరిగ్గా చూసుకోవచ్చని వాయిదా వేశారు. స్వాగతం ముఖ్యం గాని, తర్వాతి సంగతి ఎవరడిగారు?

వెబ్‌సైటు కీర్తి త్వరలోనే నలుమూలలా పాకింది. కొత్తపేటలో ఒక కార్యాలయంలో గుమాస్తాగారూ, టైపిస్టమ్మగారూ పక్కపక్కన నిలబడి ఈ సైటు తెరిచారు. మేళం మోగింది. ఆపడం ఎవరి తరమూ కాలేదు. పక్క గదిలోంచి మేనేజరుగారు పరుగున వచ్చి, ఆ ఇద్దరినీ ఆ భంగిమలో చూసి, అక్షింతలెక్కడ అని అడిగారు. క్యాంటీనువాడు బియ్యం తెచ్చాడు. పదకొండు నిమిషాల తర్వాత, అంతదూరం వచ్చాక బాగుండదని, ఆ ఇద్దరూ నిజంగానే ముహూర్తం పెట్టించుకున్నారు. రాజోలులో ఒక పళ్ళ డాక్టరుగారు ఈ సైటు తెరిచి ఉంచి పన్ను పీకడం మొదలుపెట్టారు. రోగి అరిచిందీ లేనిదీ బయట కూర్చున్నవారికి తెలియకపోవడంతో ఆయన హస్తవాసి మంచిదని పేరొచ్చింది.

ఇక మూర్తిగారి జీవితం ధన్యమైంది. పొద్దున్న తొమ్మిదికల్లా సెంటరుకి వచ్చి ఒకటో నంబరు కంప్యూటరు ముందు కూర్చునేవారు. పక్కన కొత్త రిజిస్టరు. అంకె మారగానే లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి, తెరవైపు తిరిగి "దయచేయండి, దయచేయండి" అనేవారు. తర్వాత కూర్చుని, "వచ్చినవారు: ఒకరు. లోపలికి వెళ్ళినవారు: తెలియదు" అని రాసుకునేవారు. ఎవరైనా వచ్చారేమోనని ఆయన పేజీ మళ్ళీ తెరిచినప్పుడల్లా కూడా ఒక అంకె పెరిగేది. ఆ అతిథికి కూడా ఆయన నమస్కారం పెట్టేవారు. ఎవరినీ తక్కువ చేసే మనిషి కాదు.

ఇంటి దగ్గర మాత్రం వచ్చినవాళ్ళకి ఆయన దొరకడం మానేశారు. ద్రాక్షారామం నుంచి మేనత్త వరసావిడ ప్రసాదం పట్టుకొచ్చింది, లేరు. లాకు దగ్గర ఆయనతో పాటు గేట్లు తిప్పిన కళాసీ మనవరాలి పెళ్ళి శుభలేఖ తెచ్చాడు, లేరు. "ఏవండీ, గుమ్మంలోకొచ్చినోళ్ళందరికీ నేనే సమాధానం చెప్పుకోవాలాండీ?" అని ఉమాదేవిగారు ఒకరోజు అడిగారు. "వాళ్ళు నడిచొచ్చేవాళ్ళే. అవతల ప్రపంచం నలుమూలల్నించీ వస్తున్నారు, వాళ్ళకి ఎదురెవరు వెళ్తారు?" అన్నారు మూర్తిగారు గొడుగు తీసుకుంటూ. ఆవిడ ఆయన వెనకాలే గేటు వేసి, కళాసీకి విస్తరి వేసింది.

దసరాలు దగ్గరపడ్డాయి. చిన్నబ్బాయి స్వయంగా వస్తానన్నాడంటే, ఈ కాలంలో స్వయంగా అనగా వెబ్‌సైటుకే అని మూర్తిగారు అర్థం చేసుకున్నారు. అంకె వెయ్యినూటపదిహేను దగ్గరుంది. వెయ్యినూటపదహారో అతిథికి అసలు మేళంతోనే స్వాగతం చెప్పాలని, దేవసహాయం బ్యాండుని సెంటరు మెట్ల మీద సిద్ధంగా కూర్చోబెట్టారు. పూర్ణకుంభం ప్రింటరు మీద పెట్టారు. అంకె పాడవకూడదని తాను సైటు తెరవడం కూడా మానుకుని, ఉన్న తెర వంకే చూస్తూ కూర్చున్నారు. అంకె దానంతట అదే మారేలా నాగసతీష్ ఏదో కిటుకు చేసి పెట్టాడు.

అష్టమి నాడు చిన్నబ్బాయి వచ్చాడు. ముందు ఇంటికే వెళ్ళాడు. ఉమాదేవిగారు పేరడగలేదు. ఎండన పడి వచ్చిన మనిషని కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చి, అల్లం, దబ్బాకు వేసిన మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. ఒక్క గుక్క తాగి అతను గ్లాసు వంక చూస్తూ ఉండిపోయాడు. తర్వాత పేరు చెప్పాడు. ఆవిడ కూర్చోబెట్టి భోజనం పెట్టి, పనసపొట్టు కూర మారు వడ్డించి, ఆయన సెంటరులో ఉంటారని దారి చెప్పి పంపింది. సెలవైపోయింది, ఆ సాయంత్రమే అతనికి హైదరాబాదు బస్సు, మర్నాడు విమానం.

సెంటరులో మూర్తిగారి వీపు కనిపించింది. "సూపర్నెంటు గారండీ" అని చిన్నబ్బాయి మూడుసార్లు పిలిచాడు. వీపు కదల్లేదు.

"ఆయనలా పిలిస్తే పలకరండి," అన్నాడు నాగసతీష్ రహస్యంగా. "అదిగో, నాలుగో నంబరు ఖాళీగా ఉంది. సైటు తెరవండి. ఠక్కున లేస్తారు."

చిన్నబ్బాయి నాలుగో నంబరు దగ్గర కూర్చుని సైటు తెరిచాడు. ఒకటో నంబరు తెర మీద అంకె మారింది. మూర్తిగారు ఎగిరి నిలబడ్డారు. "వచ్చేరు! కొట్టండి!" అని మెట్లవైపు కేక వేశారు. దేవసహాయం బృందం ఒక్కసారి అందుకుంది. నాలుగో నంబరులోంచి ఐదు వాద్యాలూ విరుచుకుపడ్డాయి. మూర్తిగారు పూర్ణకుంభం ఎత్తుకుని, ఆనందబాష్పాలు కారుతుండగా, తెర ముందు మోకరిల్లినంత పని చేశారు. చిన్నబ్బాయి లేచొచ్చి భుజం తట్టాడు.

"బాబుగారండీ! నేనేనండి వచ్చింది! చిన్నబ్బాయినండి!"

"ఆఁ?"

"నేనేనండి ఆ అతిథిని!"

"కాస్త పక్కకి జరగవయ్యా," అన్నారు మూర్తిగారు తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇక్కడ మర్యాద జరుగుతోంది, కనబట్టం లేదూ?"

చిన్నబ్బాయి పక్కకి జరిగాడు. పెద్దాయన మాట తీసెయ్యలేక గేట్లు తెరుచుకునేదాకా ఉందామనుకున్నాడు గాని, తొమ్మిదో నిమిషంలో బస్సు హారను వినిపించింది. ఆ మేళంలో అది వినిపించడమే విశేషం. అతను వెనకనుంచి ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు. మూర్తిగారు ఆ సాయంత్రం రిజిస్టరులో "వెయ్యినూటపదహారో వారు దయచేసినారు. ఘనస్వాగతం పలుకబడినది" అని రాసి, రెండుసార్లు కిందగీత గీశారు.

మూడు వారాలకి కువైట్ నుంచి కవరు వచ్చింది. మర్యాద శిఖామణి బిరుదుకి శ్రీమతి ఉమాదేవిగారిని సంఘం ఏకగ్రీవంగా ఎన్నుకున్నదని, టిక్కెట్టు జతపరచడమైనదని అందులో ఉంది. కింద చిన్నబ్బాయి చేత్తో రాసిన రెండు ముక్కలు: "అమ్మగారండీ, ఆ మజ్జిగ మీదేనని ఇన్నాళ్ళూ తెలియలేదండి. క్షమించండి." మూర్తిగారు కవరు తిప్పి తిప్పి చూశారు. ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా అయిపోయింది. నిజం చెప్పొద్దూ, ఉమాదేవిగారికి జాలేసింది.

"నేను వెళ్ళనులెండి" అంది.

"వెళ్ళు" అన్నారాయన కవరు ఆవిడ చేతికిస్తూ. "అయినా ఇంట్లో ఉన్నవాళ్ళు మర్యాద చెయ్యడం ఏపాటి గొప్ప? తేలిక పని."

నిర్ణయ సంఘం అత్యవసరంగా సమావేశమై ఓటమికి కారణాలు పరిశీలించింది. మేళం చాలినంత గట్టిగా లేకపోవడం ఒకటి, సెంటరు రాత్రి మూసెయ్యడంవల్ల నిఘా లోపించడం రెండోది అని తేలింది. మూర్తిగారు ఇంట్లోనే కంప్యూటరు పెట్టించి, టెలిఫోను తీగ దానికి తగిలించి, పగలనక రాత్రనక కాపలా మొదలుపెట్టారు. ఉమాదేవిగారు, రాజోలు వైపునుంచి కువైట్ వెళ్తున్న ఇద్దరు నర్సమ్మలతో కలిసి విమానమెక్కింది. అక్కడ ఆవిడ శాలువా కప్పించుకుని, మైకు ముందు "అందరూ భోంచేసేరా అండి?" అని ఒక్క మాట అడిగి కూర్చుందట. హాలంతా లేచి నిలబడిందట.

మర్నాడు ఆవిడ ఇంటికి ఫోను చేసింది. ఎంగేజి. సాయంత్రం చేసింది. ఎంగేజి. రెండు రోజులు చేసింది. తీగ నిండా ఇంటర్నెట్టే ఉంటే ఫోనెలా మోగుతుంది? ఆఖరికి చిన్నబ్బాయిని అడిగి, వాళ్ళ కంప్యూటరులో వెబ్‌సైటు తెరిపించుకుంది. మేళం మోగింది. చిన్నబ్బాయి చెవులు మూసుకున్నాడు. ఉమాదేవిగారు మాత్రం ముప్ఫై ఏళ్ళు లాకు పక్కన కాపరం చేసిన మనిషి, నీళ్ళు సమం కావడానికి ఎంత పడుతుందో తెలిసిన మనిషి, చేతులు ఒళ్ళో పెట్టుకుని పదకొండు నిమిషాలూ కూర్చుంది. గేట్లు తెరుచుకున్నాయి. ఆ సైటు పుట్టిన తర్వాత లోపల ఏముందో చూసిన మొదటి మనిషి ఆవిడే. లోపల తెల్లటి పేజీ మధ్య నాగసతీష్ రాసిపెట్టిన పంక్తి ఒకటే ఉంది: "ఈ ఇల్లు కట్టుబడిలో ఉన్నది. మళ్ళీ దయచేయగలరు."

"అన్నం తిన్నారో లేదో ఇందులో ఎక్కడా రాయలేదా బాబూ?" అని అడిగింది ఆవిడ.

అంతకు పదకొండు నిమిషాల ముందే, ఆవిడ సైటు తెరిపించగానే, అమలాపురంలో అంకె మారింది. పొద్దుటి నుంచీ ఏమీ తినని మూర్తిగారు కుర్చీ పట్టుకుని లేచి, రెండు చేతులూ జోడించి, "దయచేయండి, దయచేయండి" అన్నారు. వెనక గుమ్మంలో పక్కింటావిడ, ఉమాదేవిగారు చెప్పి వెళ్ళిన ప్రకారం తెచ్చిన కేరేజీ పట్టుకుని, ఎంతసేపు పిలిచినా పలకడం లేదని అరుగు మీద పెట్టేసి వెళ్ళిపోయింది.

మీకు నవ్వొస్తోంది. నవ్వండి, తప్పులేదు. కాకపోతే మీరు ఈ కథ చదవడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ మీ గుమ్మంలో ఎవరో రెండుసార్లు పిలిచారు, మీరు తలెత్తకుండానే "ఆఁ, వస్తున్నా" అన్నారు.